మందు ఎవరికి ముందు?

మందు చాలనప్పుడు ఎవరికి ముందివ్వాలన్నది డాక్టర్లు, అధికారులే తేల్చుకునే విషయం కాదు. జనం మాటకూ అందులో చోటుండాలి. ఆ మాట రోగం ఊరి మీద పడకముందే అడగాలి.

కోవిడ్ విరుచుకుపడిన 2021 ఏప్రిల్, మే నెలలను జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు మరిచిపోలేవు. ఐదు రోజుల కోర్సుకు ఆరు రెమ్‌డెసివిర్ వయల్స్ కావాలని చీటీ రాసి బంధువుల చేతిలో పెట్టేవారు. ఇక హనుమకొండ మెడికల్ షాపులు, హైదరాబాద్ డీలర్లు, తెలిసిన లీడర్ల చుట్టూ పరుగే పరుగు. హైదరాబాద్‌లోని హెటిరో కంపెనీ ఇంజక్షన్ ధరను ఆ ఏప్రిల్‌లోనే రూ.5,400 నుంచి రూ.3,490కి తగ్గించారు. బ్లాక్‌లో మాత్రం అది ఎన్నో రెట్లు పలికింది. పైసలో పైరవీయో ఉన్నవారికే దక్కింది. ఆ మందును ఆస్పత్రిలో చేరిన కోవిడ్ రోగులకు సిఫారసు చేయలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులోనే చెప్పింది. చీటీ పట్టుకొని తిరిగినవారిలో ఎందరికి ఆ సంగతి చెప్పారు?

బ్లాక్ ఫంగస్ ముదిరాక దాని మందు ఆంఫోటెరిసిన్-బికీ కటకట వచ్చింది. ప్రభుత్వం డాక్టర్ల కమిటీ వేసి, దరఖాస్తులు చూసి కేటాయించింది. బ్లాక్ మార్కెట్‌కు వదిలేయడం కన్నా అది నయమే. కానీ ఏ లెక్కన ఎవరికి ఇస్తున్నారో గూడూరు తండాకో, మహాముత్తారం అడవి పల్లెకో తెలిసే దారేది?

వెంటిలేటర్లు చాలకపోతే ఎవరికివ్వాలని అమెరికాలోని మేరీల్యాండ్‌లో 2012-14 మధ్య సామాన్యులను కూర్చోబెట్టి అడిగారు. ఎక్కువ ప్రాణాలు నిలిచే దారికే చాలామంది మొగ్గారు. ఒక్క సూత్రంతోనే అంతా తేల్చొద్దనీ అన్నారు. ఆ పాటి వివేకం మన గ్రామసభలకు లేదనడం అహంకారం.

జనాన్ని అడిగితే ఎవరి కులం, ఎవరి ఊరు వాళ్లు చూసుకుంటారని కొందరి భయం. మంచం మీద ఉన్నది ఎవరో తెలిశాక అడిగితే ఆ భయం నిజమే. రేపు ఆ మంచం మీద తామే ఉండొచ్చన్న ఎరుకతో ఇప్పుడు మాట్లాడితే ధర్మమైన మాటే వస్తుంది.

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. జిల్లా యంత్రాంగంతో కలిసి అవే జనాన్ని అడిగి నియమాలు తేల్చే పనికి పూనుకోవాలి. ఆ నియమాలను తెలుగులో రాసి ఆస్పత్రి గోడకు అంటించాలి. ఏరోజు స్టాకు ఆరోజు బోర్డు మీద పెట్టాలి. మందు ఇవ్వకపోతే కారణం రాసివ్వాలి. మందు వెతికే బాధ్యత ఆస్పత్రిదే కావాలి, బంధువులది కాదు. స్థోమతకు, సిఫారసుకు ఆ నియమాల్లో చోటుండరాదు.