పడకల లెక్కతో ఉద్దానం బతకదు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గురించి ఏ ప్రభుత్వం వచ్చినా చెప్పే లెక్క ఒక్కటే. ఎన్ని డయాలసిస్ యంత్రాలు పెట్టాం, ఎన్ని పడకలు వేశాం, ఎంత పింఛను ఇస్తున్నాం! ఎంతమంది కిడ్నీలు పాడవకుండా కాపాడాం అన్న లెక్క మాత్రం ఏ సభలోనూ వినపడదు.

కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస, మందస మండలాలను ఈ జబ్బు దశాబ్దాలుగా పీడిస్తోంది. కొబ్బరి, జీడి తోటల్లో రెక్కలు ముక్కలు చేసుకునే సన్నకారు రైతులు, కూలీలే ఎక్కువగా దీని పాలబడ్డారు. ప్రజలు ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం రిజర్వాయరు నుంచి తాగునీటి పథకం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. డయాలసిస్ రోగులకు నెలకు 10 వేల పింఛను వచ్చింది. ఇవి ఎవరి దయా కాదు, మన హక్కు. వీటిలో దేన్ని తగ్గించినా ఊరుకునేది లేదు.

కానీ ఆసుపత్రి గడప తొక్కేసరికే ఆ కుటుంబం సగం కూలిపోయి ఉంటుంది. ఈ జబ్బు చెప్పి రాదు. కిడ్నీలు చాలావరకు దెబ్బతినేదాకా పైకి ఏమీ తెలియదు. తెలిశాక వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు యంత్రం పక్కన పడుకోవాలి. అతని పని పోతుంది. తోడు వెళ్లే భార్య కూలీ పోతుంది. వైద్యం ఉచితమన్నా, పోయిన పనిదినాలకు పరిహారం ఎవరిస్తారు?

‘అసలు కారణం ఇంకా తేలలేదు, ఏం చేయగలం?’ అంటారు అధికారులు. తేలని మాట నిజమే. కానీ చేతులు కట్టుకు కూర్చోవడానికి అది సాకు కాకూడదు. నికరాగ్వా, ఎల్ సాల్వడార్ దేశాల చెరకు కోత కూలీలదీ ఇలాంటి జబ్బే. అక్కడా కారణం పూర్తిగా తేలలేదు. అయినా ఎండలో ఒళ్లు ఆరిపోయే పనే దెబ్బతీస్తోందన్న అనుమానంతో కొన్ని చోట్ల పొలంలోనే నీళ్లు, నీడ, వేళకు విశ్రాంతి ఏర్పాటు చేశారు. కిడ్నీలు దెబ్బతినడం తగ్గింది. దీనికి వందల కోట్లు అక్కర్లేదు.

ఊరి మనుషులకు వైద్యం ఏం తెలుసు అనేవారికి మహారాష్ట్రలోని గడ్చిరోలి జవాబు చెప్పింది. డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ అక్కడ 39 ఊళ్లలో గ్రామ మహిళలకే శిక్షణ ఇచ్చి, ఇంటి దగ్గరే పసికందులను చూసేలా చేశారు. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ‘లాన్సెట్’ పత్రిక ప్రచురించింది. మన ఆశా అక్కలు అంతకంటే తక్కువవారా? వాళ్లతో పని మీద పని చేయించుకుంటూ, కార్మికులుగా గుర్తించని ప్రభుత్వానిదే లోపం.

అందుకే మన డిమాండ్లు ఇవి. ఉద్దానంలో పెద్దవాళ్లందరికీ ఏటా ఊళ్లోనే క్రియాటినిన్, బీపీ, షుగర్ పరీక్షలు జరగాలి. ఊరివారీ లెక్కలు, పేర్లు బయటపెట్టకుండా, గ్రామసభ ముందు ఉంచాలి. ఉపాధి హామీ పనుల్లో నీళ్లు, నీడ కాగితం మీద కాకుండా పని దగ్గర ఉండాలి. నొప్పి గోళీలు విచ్చలవిడిగా వాడితే కిడ్నీలకు వచ్చే ముప్పును ప్రతి ఇంటికీ చెప్పాలి. ఆశాలకు కనీస వేతనం ఇవ్వాలి.

మనల్ని మనమూ అడుక్కోవాల్సిన మాట ఒకటుంది. మన సభ్యుల్లో తోటలున్నవాళ్లున్నారు. మధ్యాహ్నం ఎండలో కూలీని గంటసేపు నీడకు పంపి, ఆ గంట కూలి కోయకుండా ఇచ్చేవాళ్లు ఎంతమంది? ప్రభుత్వాన్ని నిలదీసే నోరు మన తోటలోనూ పలకాలి. వచ్చే ఎండాకాలానికి ముందే ప్రతి గ్రామ శాఖ సమావేశమై దీనిపై తీర్మానం చేయాలి. ఆ తీర్మానం మొదట అమలు కావలసింది మన తోటల్లోనే.