బ్రెడ్డు మీద గోంగూర: తప్పేముంది?

మన వైపు బ్రెడ్డంటే జ్వరం తిండి. డాక్టరు గారు "లంఖణం చాలు, పాలూ బ్రెడ్డూ పెట్టండి" అంటే తప్ప గోదావరి జిల్లాల ఇళ్ళల్లో చాలాకాలం అది గడప తొక్కలేదు. తరువాత హాస్టళ్ళ పుణ్యమా అని వచ్చింది గానీ, జాము సీసాని వెంటబెట్టుకుని మరీ వచ్చింది. దాని మీద ఉప్పూ కారం రాస్తే ఇప్పటికీ "ఛీ, అదేం తిండిరా!" అనేవాళ్ళే ఎక్కువ.

మిత్రులారా, లోకం ఏం రాసుకు తింటోందో ఒకసారి చూడండి. డెన్మార్కు వాళ్ళు నల్లటి రై రొట్టె మీద ఊరబెట్టిన చేపముక్క పెట్టుకుంటారు. వియత్నాంలో, ఫ్రెంచివాళ్ళు నేర్పిపోయిన పొడుగు రొట్టెను చీల్చి ముల్లంగి ఊరగాయ, కొత్తిమీర, పచ్చిమిర్చి కూరతారు. ఇంగ్లీషువాళ్ళు వేపిన బంగాళాదుంప ముక్కల్ని కూడా రొట్టెల మధ్య పెట్టి లాగించేస్తారు. (ఇక బొంబాయి వడాపావ్‌ని చూసి నవ్వే హక్కు ఎవరికుంది?)

అన్నిటికన్నా వింతది మార్మైట్. బీరు తయారీలో మిగిలే ఈస్టు మడ్డితో 1902లో ఇంగ్లండులో మొదలుపెట్టారు. నల్లగా, జిగటగా, ఒట్టి ఉప్పులా ఉంటుంది. అయినా ఆ మడ్డిని తీసిపారెయ్యకండి. 1928లో బొంబాయి వచ్చిన లూసీ విల్స్ అనే డాక్టరు, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణీల రక్తహీనతను పరిశీలించారు. చవగ్గా దొరికే మార్మైట్ పెడితే తగ్గుతోందని 1931లో ప్రకటించారు. అందులో పనిచేసింది ఫోలేట్ అని తరువాత తేలింది. ఫోలిక్ ఆమ్లాన్ని 1941లో పాలకూర నుంచి వేరుచేశారు. ఆ పేరే ఆకు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది.

ఆకు! మన పెరట్లో ఉన్నదే కదా. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనులే. గోంగూర పచ్చడి దానికి మందని నేననను. ఇనుము కొరత పెద్ద సంగతి, దానికి వైద్యులున్నారు. కానీ పొద్దున్నే రెండు జాము ముక్కలతో క్లాసుకి పరుగెత్తే మన అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఆ జాములో దొరికేది పంచదారే.

బీరు మడ్డిని దొరలు డబ్బాలకెత్తితే, బీరకాయ తొక్కుని మన అమ్మమ్మలు రోట్లోకెత్తారు. రెండూ పారేసేదాన్ని రుచిగా మార్చే తెలివే. మరి మన క్యాంటీనులో తొక్కు పచ్చడి శాండ్‌విచ్ ఎందుకుండకూడదు? పనసపొట్టు కూరా పెట్టొచ్చు. ముందు వెన్న పల్చగా రాయండి, పచ్చడి తడి రొట్టెలోకి అంతగా దిగదు. ఆవకాయ మాత్రం వద్దు సుమా, నూనె చొక్కా మీదికొస్తుంది.