డ్రోన్ ఎగిరేలోగా పొలానికి వెళ్లండి

మీ ఊరికి సర్వే నోటీసు వచ్చిందంటే మిగతా పనులు పక్కన పెట్టండి. పాసుపుస్తకం బీరువాలో భద్రంగానే ఉంది, పైనుంచి కెమెరా కొలుస్తుంటే మనకేం పని అని ఇంట్లో కూర్చున్నవాళ్లే తర్వాత తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారు.

ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట దగ్గరి తక్కెళ్లపాడులో మొదలైంది. బ్రిటిష్ కాలం నాటి గొలుసు కొలతలు పోయి డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలతో నేల మీద కొలిచే రోవర్లు వచ్చాయి. కొలత సెంటీమీటర్లకు దిగింది. అయినా గ్రామసభల నిండా ఫిర్యాదులే. విస్తీర్ణం తగ్గిందని కొందరు, హద్దు జరిగిందని కొందరు, నాలుగిళ్ల భూమిని కలిపి ఒకే జాయింట్ ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) వేశారని ఇంకొందరు. అలా కలిసిపోయిన రైతుకు తన వాటా అమ్ముకోవాలన్నా, దాని మీద అప్పు తెచ్చుకోవాలన్నా చిక్కే.

యంత్రం తప్పు కొలిచిందని కాదు. దానికి కనిపించేది గట్టు మాత్రమే. ఆ గట్టు తాతల నాటిదో, పోయిన దుక్కిలో పక్కవాడు రెండు సాళ్లు లోపలికి జరిపిందో దానికి తెలియదు. అన్నదమ్ములు నోటిమాట మీద పంచుకుని నడుమ గట్టు వేసుకోకపోతే ఆ చేను దానికి ఒకే కమతం. కోనసీమ కొబ్బరితోటలో, నూజివీడు మామిడితోటలో చెట్ల కింద సర్వే రాయి పాతి ఉన్నా పైనుంచి కనపడదు. అక్కడ మనిషి రోవర్ పట్టుకుని నడవాల్సిందే. ఇళ్లదీ అంతే. నిలువునా పైనుంచి తీసిన చిత్రంలో పడేది చూరు, దాని కిందున్న గోడ కాదు. చూరు రెండడుగులు సందులోకి వచ్చి ఉంటే గోడ ఎక్కడుందో చూపించాల్సింది ఆ ఇంటివాళ్లే.

ఈ సంగతులు సర్వే శాఖకు తెలియనివి కావు. అందుకే డ్రోన్ చిత్రం చేతిలో పెట్టుకుని సర్వేయర్ మళ్లీ నేల మీద, యజమానుల ఎదుట హద్దులు సరిచూడాలన్న పద్ధతి ఉంది. నన్నడిగితే అసలు సర్వే ఆ రోజే. పైన చప్పుడు వినిపించినప్పుడు ఊరంతా గుమిగూడి సెల్‌ఫోన్లలో వీడియోలు తీసుకుంటారు గానీ, హద్దు తేల్చే రోజున గట్టు మీద నిలబడేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది. గడువులోగా ఇన్ని గ్రామాలు పూర్తిచేయాలని పైనుంచి ఒత్తిడి పెట్టే ప్రభుత్వాలకూ ఇందులో పాలుంది.

గ్రామకంఠంలో ఇళ్లున్నవాళ్లు ఇంకాస్త ముందే మేల్కోవాలి. 2020 ఏప్రిల్ 24న కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకంలో డ్రోన్ రాకముందే హద్దుల వెంట సున్నం గీతలు వేస్తారు. గీత ఎక్కడ పడితే పటంలోనూ హద్దు అక్కడే పడుతుంది. సున్నం పోసే పూట ఇరుగూపొరుగుల్లో ఒకరు లేకపోతే ఉన్నవాడి మాటే చెల్లుతుంది. పట్టణాలవాళ్లూ ఇది పల్లెల గొడవ అనుకోవద్దు. 2025 ఫిబ్రవరిలో మొదలైన ‘నక్షా’ కార్యక్రమం దేశంలో 152 పట్టణాలను ఇలాగే ఆకాశం నుంచి కొలవడానికి వచ్చింది. తెలంగాణలోనూ సర్వే పటాలు లేని గ్రామాల్లో రీసర్వేకు కదలిక వచ్చింది.

తర్వాత చూసుకోవచ్చులే అనుకుంటే ఆంధ్రప్రదేశ్‌లో 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం అడ్డొస్తుంది. సెక్షన్ 13 కింద ప్రకటన వెలువడ్డాక ఆ హద్దులే ఖాయం. మార్పించాలంటే సివిల్ కోర్టు డిక్రీ తెచ్చుకోవాలి. అరసెంటు కోసం ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగే ఓపిక ఎంతమందికి ఉంటుంది?

భయమంతా దూరాన ఉన్నవాళ్ల గురించే. దుబాయ్‌లో, బెంగళూరులో, అమెరికాలో ఉండి ఊళ్లో భూమి ఉంచుకున్నవాళ్లకు నోటీసు చేరేసరికి సర్వే ముగిసిపోవచ్చు. ఊళ్లో నమ్మకమైన మనిషికి ఇప్పుడే రాతపూర్వకంగా అధికారం ఇవ్వండి. ఊళ్లో రెవెన్యూ సిబ్బంది దగ్గర మీ ప్రస్తుత ఫోన్ నంబరు ఉందో లేదో కనుక్కోండి.

ఊళ్లో ఉన్నవాళ్లు హద్దు తేల్చే రోజున పాత ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం) నకలు, దస్తావేజు, పాసుపుస్తకం పట్టుకుని వెళ్లండి. హద్దు రాళ్లకు ఈరోజే ఫొటోలు తీసి పెట్టుకోండి. అన్నదమ్ముల వాటాల నడుమ గట్టు లేకుంటే సర్వేయర్ వచ్చేలోగా వేసుకోండి. పటం చూడకుండా, విస్తీర్ణం సెంట్లతో సహా సరిపోల్చకుండా సంతకం చేయకండి. తేడా కనిపిస్తే నోటి మాటతో సరిపెట్టకుండా అభ్యంతరం కాగితం మీద రాసిచ్చి, రసీదు తీసుకున్నాకే అక్కణ్నుంచి కదలండి.