తల్లి మొగ మెరుగని బిడ్డలు



తేనెటీగ యనగానే రాణియు, పట్టును, వేలకొలది పరివారమును మన మనస్సునకు దోచును. కాని లోకమున నెరుగబడిన 20,000కు పైబడిన తేనెటీగజాతులలో నధికభాగ మొంటరివి. వీనికి రాణి లేదు, దాసీలు లేరు. ప్రతి తల్లియు దన గూడు తానే కట్టుకొని, బిడ్డల కాహారము తానే కూర్చును. కాపాడవలసిన పట్టు లేదు గావున, చేత బట్టి నలిపిననే తప్ప సాధారణముగా గుట్టదు.

దీని పనిని జూడ గోరువారు 6 మొదలు 10 మిల్లీమీటర్ల రంధ్రము గల వెదురుబొంగులను, ఒకవైపు కణుపు మూసియుండునట్లు జానెడు పొడవున గోసి, కట్టగట్టి, వాన తగులని చూరుక్రింద, ఉదయపుటెండ పడుచోట కదలకుండ బిగింపవలెను. మా పెరటికట్టలో జేరినది ఆకులు కత్తిరించు నీగ. అది గులాబియాకు నంచున గుండ్రముగా గోసి, చుట్టి తెచ్చి, బొంగులో దొన్నె కుట్టినట్లు గది యమర్చును. అందు పుప్పొడితేనెల ముద్ద నుంచి, దానిపై నొక గ్రుడ్డు పెట్టి, యాకుబిళ్లలతో మూసి, రెండవగదికి బూనును. ఫ్రాన్సుదేశపు ఫాబ్రె (1823–1915) ఇట్టి యీగలను రెల్లుగొట్టములలో బరిశీలించి, లోపలిగదులలో నాడుబిడ్డలను, వాకిటివైపున మగబిడ్డలను తల్లి యుంచు నని తెలిపెను. మగవి ముందుగా వెలువడును.

కొన్ని బొంగులను మన్నుతో మూయు కందిరీగలు నాక్రమించును. భ్రమరకీటన్యాయమును మన మెల్లరము వినియున్నారము. కందిరీగ తెచ్చిన పురుగు దాని ఝంకారము విని, దానినే ధ్యానించి, తుద కదియే యగు నందురు. వేదాంతమున నది చక్కని యుపమానమే. గూటిలో జరుగునది వేరు. తల్లి పురుగును గుట్టి, చావకుండ, కదలకుండ జేసి, తన గ్రుడ్డుతో గూడ మూసిపెట్టును. పుట్టిన పిల్ల దానిని దిని పెరుగును. మన కాయగూరలను దొలుచు పురుగులు ననేక మిట్లు సమసిపోవును.

ఇక నాకులు కోయు నీగలు కందిచేలకు ముఖ్యమైన చుట్టములు. పటాన్‌చెరువున 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థవారు సంకర కందివిత్తనము పండించుటకు, మొక్కనుండి మొక్కకు బుప్పొడి జేర్చు నిట్టి యీగలనే నమ్ముకొనిరి.

తల్లి కొలదివారములే జీవించును. బిడ్డ రెక్కలు విప్పుకొని వచ్చుసరికి సాధారణముగా నది యుండదు. కావున మూసిన బొంగును గదల్పకుడు, గోడమీది మన్నుగూటిని జీపురుతో రాల్పకుడు. ఆకు నంచున నొక యర్ధచంద్రము తరిగినంతమాత్రమున గులాబి చావదు. దానిపై విషపుమందు చల్లకుడు. ఆ ముక్క యెవరి యింటి తలుపైనదో!