ముందు డబ్బు, తర్వాత వస్తువు

బ్రాడీపేటలో ఏ లైనులో ఉన్నా సరే, వడ్రంగి మేస్త్రికి టేకు మంచం చేయమని చెప్పాలంటే ముందు అడ్వాన్సు చేతిలో పెట్టాలి. ఆ డబ్బుతో ఆయన చెక్క తెస్తాడు, పని మొదలెడతాడు. షామియానా వాళ్ళు, వంట మేస్త్రి, ఫ్లెక్సీల షాపు, అందరిదీ ఇదే పద్ధతి. వస్తువు ఇంకా పుట్టలేదు, మన డబ్బు మాత్రం వెళ్ళిపోయింది. అయినా రాత్రి నిద్ర పడుతుంది. ఎందుకంటే మేస్త్రి ఎవరో తెలుసు, షాపు ఎక్కడో తెలుసు, ఆయన చేసిన మంచం మామయ్యగారింట్లో ఇరవై ఏళ్ళుగా కిర్రుమనకుండా ఉందనీ తెలుసు.

ఇదే అడ్వాన్సుని ఊరూ పేరూ తెలియని వేలమంది దగ్గర, ఇంకా తయారవ్వని వస్తువు కోసం ఇంటర్నెట్‌లో తీసుకుంటే దాన్ని క్రౌడ్‌ఫండింగ్ అంటున్నారు. మన ఫోన్లలో ఆ మాట ఎక్కువగా ఆసుపత్రి బిల్లుల కోసమే కనిపిస్తుంది. కానీ దానికి ఇంకో ముఖం ఉంది. సొంతంగా ఒక వస్తువు డిజైన్ చేసుకుని, ఫ్యాక్టరీ లేక, బ్యాంకు లోను రాక ఆగిపోయిన కుర్రాళ్ళకి అది మొదటి మెట్టు. ఈ వారం దాని గురించే.

ఇప్పుడే ఎందుకంటే, మా కాలేజీ జూనియర్ ఒకతను ఆ మెట్టు దగ్గరే నిలబడి ఉన్నాడు. మెకానికల్ చదివాడు. మిర్చి సీజన్లో గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల దగ్గర, గోడౌన్లలో ఆడవాళ్ళు రోజంతా నేలమీద కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తుంటారు. వేళ్ళు మండుతాయి, ఘాటుకి దగ్గు ఆగదు, ఇంటికెళ్ళి పిల్లాణ్ణి ఎత్తుకోవాలన్నా భయమే. ఇతను వేలికి తొడుక్కుని తొడిమ తుంచే చిన్న పరికరం ఒకటి గీశాడు. త్రీడీ ప్రింటర్ మీద శాంపిల్ తీశాడు. వందల కొద్దీ ప్లాస్టిక్‌లో తీయాలంటే మోల్డు చేయించాలి. మోల్డుకి 3 లక్షలు చెప్పారు.

"అన్నా, నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నారు. తీసుకోనా, క్రౌడ్‌ఫండింగ్ పెట్టనా?" అని అడిగాడు. నెలకి నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. వాళ్ళ నాన్నగారు పత్తి వేసే కౌలు రైతు. కాబట్టి నోటికొచ్చిన సలహా ఇచ్చేసి ఫోన్ పెట్టేసే విషయం కాదు.

నలుగురి డబ్బు కొత్తదేం కాదు

నలుగురూ తలా కొంచెం వేసి ఒక పని నిలబెట్టడం మనకి అమెరికా నేర్పలేదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు వంటివారు విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి, చందాదారుల్ని చేర్చుకుని చరిత్ర, విజ్ఞానశాస్త్ర పుస్తకాలు తెలుగులో తెచ్చారు. 1976లో శ్యామ్ బెనెగల్ తీసిన 'మంథన్' సినిమాకి గుజరాత్ పాల రైతులు 5 లక్షల మంది తలా రెండు రూపాయలు వేసుకుని నిర్మాతలయ్యారు. తెలుగులో 2018లో వచ్చిన 'మను' సినిమాకీ జనం దగ్గరే పెట్టుబడి సేకరించారు.

వస్తువుల విషయంలో దీన్ని ఒక పద్ధతిగా మార్చింది 2009లో మొదలైన కిక్‌స్టార్టర్. ముందే ఒక లక్ష్యం చెప్పాలి. గడువులోగా అంత డబ్బు వస్తేనే చేతికొస్తుంది, రాకపోతే ఎవరి కార్డు నుంచీ పైసా కట్ అవదు. ఈ ఒక్క నియమం వల్ల డిజైనర్‌కి పెద్ద మేలు జరిగింది. జనానికి వస్తువు అక్కర్లేకపోతే ఆ సంగతి మోల్డు చేయించకముందే తెలిసిపోతుంది. అప్పు చేసి వెయ్యి పీసులు తీసి, ఇంటి అటక మీద పెట్టుకుని ఏడవాల్సిన పని లేదు.

2010 చివర్లో షికాగో డిజైనర్ స్కాట్ విల్సన్ ఐపాడ్ నానోని చేతి గడియారంగా మార్చే పట్టీలు డిజైన్ చేశాడు. 15 వేల డాలర్లు అడిగితే 9 లక్షల 40 వేలకు పైగా వచ్చాయి. 2012లో ఎరిక్ మిజికోవ్‌స్కీ పెబుల్ అనే స్మార్ట్ వాచీ కోసం లక్ష డాలర్లు అడిగాడు. పెట్టుబడిదారుల దగ్గర సరిపడా డబ్బు దొరక్క కిక్‌స్టార్టర్‌కి వచ్చినవాడు. 68,929 మంది కలిసి కోటీ 2 లక్షల డాలర్లకి పైగా ఇచ్చారు. ఆపిల్ వాచీ రావడానికి అప్పటికి ఇంకా మూడేళ్ళుంది.

డబ్బొచ్చాక మొదలయ్యే కష్టం

ఇక్కడిదాకా వినేసరికి మా వాడి కళ్ళు మెరిశాయి. రెండో సగం కూడా చెప్పాను.

పెబుల్ వాచీలు 2012 సెప్టెంబరులో ఇస్తామన్నారు. పంపడం మొదలైంది 2013 జనవరిలో. అది నయం. 2014లో కూలెస్ట్ కూలర్ అని ఒక ఐస్ పెట్టె వచ్చింది. మిక్సీ, స్పీకరు, ఫోన్ ఛార్జరు అన్నీ అందులోనే. 62 వేల మందికి పైగా కోటీ 32 లక్షల డాలర్లు ఇచ్చారు. తీరా చేస్తే పెట్టె తయారీ ఖర్చే అనుకున్నదానికంటే చాలా ఎక్కువైంది. చేతిలో డబ్బు ఆడక, ముందు డబ్బిచ్చినవాళ్ళకి ఇవ్వకుండానే బయట అమ్మారు. జనం భగ్గుమన్నారు. 2019 డిసెంబరులో కంపెనీ మూతపడేనాటికి దాదాపు 20 వేల మందికి పెట్టె అందనే లేదు.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ ఈథన్ మోలిక్ 2015లో కిక్‌స్టార్టర్ ప్రాజెక్టుల మీద సర్వే చేశాడు. డబ్బు వచ్చిన ప్రాజెక్టుల్లో నూటికి 9 చివరికి ఇస్తామన్నది ఇవ్వలేకపోయాయి. అంతకుముందు ఆయనే చేసిన మరో అధ్యయనంలో మూడొంతులకి పైగా ఆలస్యమైనట్టు తేలింది. అంటే మోసాలు తక్కువే. లెక్క తప్పడాలు ఎక్కువ.

ఆ లెక్క ఎలా తప్పుతుందో మా వాడి పరికరం మీదే వేసి చూద్దాం. ఒక్కోటి 500 రూపాయలకి ఇద్దామనుకున్నాడు. "మోల్డుకి 3 లక్షలు కావాలి, కాబట్టి లక్ష్యం 3 లక్షలు, 600 మంది చాలు" అన్నాడు. వినడానికి బాగానే ఉంది. ఇప్పుడు 600 మంది నిజంగానే ఇచ్చారనుకోండి. వేదిక ఫీజు, పేమెంటు ఛార్జీలు కలిపి 8 శాతం వేసుకున్నా 24 వేలు పోతాయి. ఒక్కో పీసు తయారీకి 180 చొప్పున లక్షా 8 వేలు. కొరియరు 60 చొప్పున 36 వేలు. మోల్డు 3 లక్షలు. మొత్తం ఖర్చు 4 లక్షల 68 వేలు. వచ్చింది 3 లక్షలు. లక్ష్యం చేరి, అందరూ అభినందనలు చెప్పి, కుర్రాడు లక్షా 68 వేల అప్పులో పడ్డాడు!

సరైన లెక్క ఇలా ఉండాలి. 500లో ఫీజు 40, తయారీ 180, కొరియరు 60 తీసేస్తే మిగిలేది 220. 3 లక్షల మోల్డుని 220తో భాగిస్తే 1,364 మంది కావాలి. అంటే లక్ష్యం 6 లక్షల 82 వేలు. ఇందులో జీఎస్టీ లేదు, చెడిపోయిన పీసులు లేవు, మా వాడి జీతం అసలే లేదు. లక్ష్యం అంటే మోల్డు ఖరీదు కాదు. చివరి మనిషి ఇంటికి చివరి పీసు చేరేదాకా అయ్యే ఖర్చు.

మన దగ్గర రూల్సు

ఇంకో సంగతి. కిక్‌స్టార్టర్‌లో ప్రాజెక్టు పెట్టగలిగే దేశాల జాబితాలో భారతదేశం లేదు. మన దేశంలో సొంత వెబ్‌సైటులోనో, ఇక్కడి వేదికల్లోనో ముందస్తు ఆర్డర్లు తీసుకోవచ్చు. కానీ "నా కంపెనీలో వాటా ఇస్తాను, డబ్బు వేయండి" అని అందరికీ వాట్సాప్‌లో పంపకూడదు. 2013 కంపెనీల చట్టం 42వ సెక్షన్, దాని నిబంధనల ప్రకారం ప్రైవేటుగా వాటాలు ఇవ్వజూపడం ఒక ఆర్థిక సంవత్సరంలో మామూలుగా 200 మందికి మించకూడదు. వాటాల క్రౌడ్‌ఫండింగ్ మీద సెబీ 2014లో ఒక చర్చాపత్రం తెచ్చిందిగానీ అది రూల్సు దాకా రాలేదు.

కంపెనీ పెట్టి వస్తువు కోసం అడ్వాన్సు తీసుకుంటే 365 రోజుల్లోగా ఆ వస్తువు ఇచ్చి లెక్క సరిచేయాలి. లేకపోతే అది డిపాజిట్ కిందికి వస్తుంది, అప్పుడు వేరే చిక్కులు మొదలవుతాయి. అందుకే మొదటి ఆర్డరు తీసుకునే ముందే ఒక సీఏ గారి దగ్గర అరగంట కూర్చోవడం మంచిది.

గుంపు ఎవరు?

లెక్కలూ రూల్సూ అయ్యాక అసలు ప్రశ్న మిగిలింది. పెబుల్ వాచీకి డబ్బిచ్చినవాడే దాన్ని చేతికి పెట్టుకున్నాడు. తొడిమలు తీసే ఆవిడ ఇంటర్నెట్‌లో ఒక ప్రాజెక్టు చూసి, 500 కట్టి, ఏడు నెలలు ఎదురుచూస్తుందా? ఆవిడకది ఇంచుమించు ఒక రోజు కూలి. వస్తువు ఎవరికి కావాలో వాళ్ళ దగ్గర డబ్బు లేదు. డబ్బున్నవాళ్ళకి ఆ వస్తువుతో పనిలేదు.

చింతకింది మల్లేశం గారి కథ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఆలేరు దగ్గర శారాజీపేట. ఒక్క పోచంపల్లి చీరకి ఆసు పోయాలంటే వాళ్ళమ్మ లక్ష్మిగారు చేతిని 9 వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి. ఆ భుజం నొప్పి చూడలేక 1992లో యంత్రం మొదలెట్టాడు. అప్పులు చేశాడు, ఊళ్ళో మాటలు పడ్డాడు, హైదరాబాదు వెళ్ళి చిన్న పనులు చేసి ఆ కూలి డబ్బుతో ఒక్కో భాగం కొన్నాడు. 1999కి లక్ష్మీ ఆసు యంత్రం పూర్తయింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. మనం పద్మశ్రీ దగ్గర చప్పట్లు కొడతాం. నాకు మాత్రం మధ్యలో పోయిన ఆ ఏడేళ్ళే కనిపిస్తాయి. అప్పట్లో వెయ్యి మంది తలా 100 రూపాయలు వేసి ఉంటే అందులో ఎన్నేళ్ళు మిగిలేవో!

కాబట్టి ఇలాంటి పనిముట్లకి గుంపుని వేరేచోట వెతకాలి. ఒకరు కోల్డ్ స్టోరేజీ యజమానులు, మిర్చి ఎగుమతిదారులు. పని తొందరగా, శుభ్రంగా అయితే లాభం వాళ్ళకే, కొనాల్సిందీ వాళ్ళే. రెండోవాళ్ళు బయట దేశాల్లో ఉన్న మన ఊరివాళ్ళు. బడికీ, గుడికీ చందా ఇచ్చేవాళ్ళు "మా ఊరి కూలీలకి పది పీసులు" అంటే ఇవ్వరా? ఇస్తారు. కానీ ఇక్కడో ప్రమాదం ఉంది. డబ్బిచ్చేది ఒకరు, వాడేది ఇంకొకరు అయినప్పుడు ఫొటో బాగుంటే చాలు, లక్ష్యం చేరిపోతుంది. పరికరం వేలికి ఒరుసుకుని పుండు పడుతోందని డాలస్‌లో ఉన్నాయనకి ఎలా తెలుస్తుంది?

అందుకే నా సలహా ఇలా చెప్పాను. "తమ్ముడూ, మూడు రూపాయల వడ్డీ జోలికి మాత్రం పోవద్దు. క్రౌడ్‌ఫండింగ్ కూడా ఇప్పుడే కాదు. ముందు ఇరవై పీసులు ప్రింటరు మీదే తీసి, ఇరవై మంది ఆడవాళ్ళకి పది రోజులు ఇవ్వు. కావాలంటే హైదరాబాదులో 2023లో తెరిచిన టీ-వర్క్స్ లాంటి చోటికెళ్ళి మంచి శాంపిల్ చేయించుకో. పదకొండో రోజు వాళ్ళు పరికరం తిరిగిచ్చేస్తే మళ్ళీ గీయాలి. ఇవ్వమని మొండికేస్తే, అప్పుడు వాళ్ళ మాటలే వీడియో తీసి డబ్బడుగు."

ఇక మీకు. రేపెప్పుడైనా మన ప్రాంతపు కుర్రాడెవరో ఇలా డబ్బడిగితే నాలుగు ప్రశ్నలు వేయండి. పనిచేసే శాంపిల్ ఉందా, లేక కంప్యూటర్ బొమ్మేనా? ఎవరు, ఎన్ని రోజులు వాడి చూశారు? లక్ష్యంలో ఏ ఖర్చు ఎంత? ఆలస్యమైతే ఎవరు, ఎలా చెబుతారు? నాలుగింటికీ సూటిగా జవాబు వస్తే 500 పంపండి. పంపాక మాత్రం అది షాపులో కొన్న వస్తువు కాదని గుర్తుంచుకోండి. పోయినా ఇల్లు గడిచేంత డబ్బే పెట్టండి. ఆ కుర్రాడు ఆరు నెలల తర్వాత "మోల్డులో పగులొచ్చింది, ఇంకో రెండు నెలలు పడుతుంది" అని నిజం రాస్తే తిట్టకండి. అలా రాసినవాడికి రెండో వస్తువుకి కూడా డబ్బివ్వొచ్చు.