రెండు లిపుల నడుమ మన పిల్లలు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో మన పిల్లలు ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, కన్నడం వింటూ పెరుగుతారు. 2006 నాటి చట్టంతో తెలుగు బడుల్లోనూ తమిళం తప్పనిసరి పాఠమైంది. మనకు క, ఖ, గ, ఘ నాలుగక్షరాలు. తమిళంలో నాలుగింటికీ ఒక్కటే. అక్కడ తడబడి, దిద్దుకుని నేర్చుకున్న బిడ్డకు ధైర్యం వస్తుంది. తన భాష ప్రత్యేకత ఏమిటో కూడా అప్పుడే తెలిసివస్తుంది.

అయితే కష్టం ఒక్కటే ధైర్యాన్నివ్వదు. పక్కన నిలిచే పెద్దలుండాలి. తమిళం వద్దనం, తెలుగును వదులుకోం. తెలుగు ఉపాధ్యాయులు, పాఠ్యపుస్తకాలు సకాలంలో కావాలని కలిసి అడుగుదాం. ఇంట్లో రోజూ ఒక పేజీ తెలుగు చదివిద్దాం. బరువంతా పిల్లల మీద వేసి, వాళ్ల ధైర్యాన్ని మెచ్చుకుంటూ కూర్చుంటే సరిపోదు.