ఏకగ్రీవమైన దోషము

యుద్ధరంగమున వినియోగించు కంప్యూటరు విఫలము కాకుండవలెనన్నచో, దానినే మూడుగనో నాలుగుగనో అమర్చి, అన్నింటి సమాధానములను సరిపోల్చి, అధికసంఖ్యాకములు చెప్పినదానిని గ్రహించిన చాలునని సైనికనిపుణులలో పెక్కురు గట్టిగా నమ్ముచున్నారు. ఈ నమ్మకము నిరాధారమైనది కాదు. నమ్మరాని భాగములతో నమ్మదగిన యంత్రమును నిర్మింపవచ్చునని 1956లో వెలువడిన వ్యాసమున జాన్ వాన్ న్యూమన్ గణితముచే నిరూపించెను; నాలుగు వరుసల నియంత్రణతో మన తేజస్ విమానము నేడు ఎగురుచున్నది. తీగె తెగినను, చిప్పు కాలినను తక్కినవి భారము వహించుననుట సత్యము. ప్రతులను పెంచినకొలది సర్వవిధ ప్రమాదములును తొలగునని బోధించుటనే నేను ఖండించుచున్నాను.

1991 ఫిబ్రవరి 25వ తేదీ రాత్రి సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో ఇరాకు స్కడ్ క్షిపణి యొకటి అమెరికన్ సైనికుల బసపై బడి 28 మందిని బలిగొనెను. క్షిపణులను అడ్డగించుటకై అచ్చట నిలిపిన పేట్రియట్ వ్యవస్థ దానిని అడ్డగింపలేకపోవుటకు తెగిన తీగెగాని కాలిన చిప్పుగాని కారణము కాదు. దాని కంప్యూటరు సెకనులో పదియవ వంతు చొప్పున కాలమును లెక్కించుచుండెను. ఆ పదియవ వంతు ద్విసంఖ్యామానమున ఎన్నటికిని తెగని భిన్నమగుటచే, 24 బిట్లలో పట్టినంత పట్టి, మిగిలినది జారిపోవుచుండెను. ఒక్కొక్క మారు పోయినది సెకనులో కోటియవ వంతుకంటె తక్కువే. కాని యంత్రము నూరుగంటలకు పైగా ఎడతెగక నడచుటచే ఆ లోపము పోగై సెకనులో మూడవ వంతయ్యెను. అంతలో స్కడ్ అర కిలోమీటరుకు మించి సాగిపోవును. రాడారు వెదకవలసిన చోటు విడిచి వేఱొకచోట వెదకి, ఏమియు కానక, లక్ష్యము లేదని తీర్మానించెను.

అచ్చట మూడు కంప్యూటర్లుండినచో జరుగునదేమి? ఒకే ప్రోగ్రామును ఒకే క్షణమున ప్రారంభించిన ఆ మూడును ఒకే తప్పును ఏకగ్రీవముగ పలికియుండును. ఒకే పలకను చూచి వ్రాసిన ముగ్గురు బాలుర జవాబులు కుదిరినంతమాత్రమున లెక్క సరియైనదగునా?

ప్రోగ్రాములను వేర్వేరు బృందములచే వ్రాయింపవలెనని మఱికొందఱందురు. ఇది మెరుగైన వాదమే. కాని 1986లో ప్రకటించిన ప్రయోగమున నైట్, లెవిసన్ అను పరిశోధకులు క్షిపణి నిరోధమునకు సంబంధించిన ఒకే సమస్యకు 27 ప్రోగ్రాములను విడివిడిగ వ్రాయించి పరీక్షింపగా, అవి ఒకేచోట కలిసి తడబడుట కేవల యాదృచ్ఛికమనుటకు వీలులేనంత తఱచుగ కాననయ్యెను. కఠినమైన చోటు అందఱికిని కఠినమే గదా!

దహ్రాన్‌లో తప్పినది నిర్మాతల ఊహ. పేట్రియట్‌ను తఱచుగ స్థలము మార్చుచు కొలది గంటలు మాత్రమే నడుపుదురని తలచి నిర్మించిరి. ఎనిమిది గంటలకే గుఱి సడలుచున్నదని ఇజ్రాయిల్ వారు ఫిబ్రవరి 11ననే తెలిపిరి. 21న వెలువడిన హెచ్చరికలో అతిదీర్ఘకాలము నడిపినచో గుఱి సడలవచ్చునని యుండెనే గాని, అది ఎన్ని గంటలో లేకపోయెను. ఆపి మరల ప్రారంభించుటకు ఒకటి రెండు నిమిషములు చాలును. సవరించిన ప్రోగ్రాము దహ్రాన్ చేరినది 26వ తేదీన. కావున నాల్గవ ప్రతికి ధనము మంజూరు చేయు అధికారి, ఆ సంతకమునకు ముందు, నిర్మాతలు యంత్రముపై పెట్టుకొనిన ఊహలన్నింటిని, గంటల సంఖ్యతో సహా, వ్రాతమూలకముగ రాబట్టి, వానిని ఆ యంత్రమును నడుపు సైనికుని చేతికీయవలెను.